పై స్వరాల మీద దుప్పటి

జూన్ 3

ఒరే రేడియో,

ఎలా ఉన్నావు? మీ అక్క బాగానే ఉంది. నామీద విసుక్కునే ఓపిక ఉందంటే బాగున్నట్టే కదా. ఫోన్‌ చేస్తే పోయేదానికి ఈ ఉత్తరం ఏమిటని అప్పుడే ఒకసారి విసుక్కుంది. ఫోన్లో నువ్వు నా మాట రెండు ముక్కలు విని మూడోది నువ్వే చెప్పేస్తావు. పైగా ఈ ఫోన్లలో గొంతులన్నీ రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంటాయి. కాగితమైతే చివరిదాకా చదవక చస్తావా అని రాస్తున్నాను.

విషయం ఏమిటంటే, ఇన్నేళ్ళుగా వాళ్ళ పియానో శ్రుతి చేస్తున్నందుకు కచేరీ హాలు వాళ్ళు నాకో హెడ్‌ఫోన్‌ బహుమతిగా ఇచ్చారు. స్టూడియోల్లో వాడే రకమట. పెట్టుకుంటే చెవులకి రెండు దిండ్లు కట్టుకున్నట్టుంది. మేనేజరు నలుగురిలో చప్పట్లు కొట్టించి, "మా హాలు పరువంతా మీ చెవుల్లోనే ఉంది మాస్టారూ" అన్నాడు. సంతోషంగా ఇంటికి తెచ్చి నా పాత ప్లేయరుకి తగిలించాను. జలుబు చేసిన దోమ పాడినట్టుంది. నాబ్‌ ఆసాంతం తిప్పినా అంతే. షాపులో అడిగితే దీనికి హెడ్‌ఫోన్‌ ఆంప్లిఫయర్‌ అని వేరే పెట్టె కావాలన్నారు. ఏది మంచిదయ్యా అంటే చేతిలో ఇంత కాగితాల కట్ట పెట్టి పంపించారు. అందులో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

స్పీకర్లు పెట్టుకుందామంటే పక్క ఫ్లాటు నర్సమ్మ రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటుంది. మధ్యలో గోడ అట్టముక్కంత. కాబట్టి నాకు ఈ దిండ్లే గతి. సాయంత్రం పని నుంచి వచ్చి కాసేపు మంచి పియానో రికార్డు వినకపోతే నాకు రోజు పూర్తయినట్టుండదు, నీకు తెలుసు.

మీ అక్క పుట్టింటి తరఫున ఆంప్లిఫయర్ల డాక్టరువి నువ్వున్నావు. మంచిదొకటి చూసి పంపు. పై స్వరాలు స్పష్టంగా రావాలి. మిగతావి ఎలా ఉన్నా సర్దుకుంటాను.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క బావ


జూన్ 12

బావా,

ఉత్తరం చివరిదాకా చదివాను. కోడి కాళ్ళకి సిరా అంటుకుని కాగితం మీద నడిచినట్టుంది మీ దస్తూరీ. మా షాపులో ముగ్గురం కూర్చుని చదివితే గానీ తెమల్లేదు. మా ఓనరు అది కరెంటు బిల్లు మీద ఫిర్యాదు అనుకున్నాడు.

మీ హెడ్‌ఫోన్‌ లోపలి అంచు మీద ఒక అంకె ఉంటుంది, చూడండి. మూడు వందల ఓమ్‌లు అని ఉంటే నేననుకున్నదే. అది బరువైన గేటు లాంటిది. మీ ప్లేయరు దాన్ని తోసే చిన్నపిల్లాడు. వాడి తప్పేం లేదు, బలం చాలదు. ఆంప్లిఫయర్‌ అంటే గేటు తోసే పెద్దమనిషి, అంతే. పాటకి రుచి కలపడం దాని పని కాదు. ఉన్నది ఉన్నట్టు మోసుకొచ్చి మీ చెవిలో దించడమే దాని పని.

అలాంటిదే చిన్న నల్ల పెట్టె ఒకటి పంపుతున్నాను. గుడ్డతో తుడిచిన అద్దంలా ఉంటుంది దాని శబ్దం. నచ్చకపోతే వెనక్కి పంపొచ్చని ఓనరు చేత ఒప్పించాను. ఆ మాటకి ఒప్పుకున్నందుకు ఆయన బాధపడకుండా చూసే పూచీ మీది.

అక్క మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మందు మానేసి ఉంటుంది. అడిగానని చెప్పండి.

ఉంటాను,
రేడియో


జూన్ 28

ఒరే రేడియో,

పెట్టె వచ్చింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. గట్టిగా మోగుతోంది, కాదనను. కానీ పై స్వరాల మీద ఎవరో దుప్పటి కప్పారు. కింది స్వరాలు గదిలో నడుస్తున్నట్టున్నాయి, మధ్యవి బాగున్నాయి. పైకి వెళ్ళేకొద్దీ పక్క వీధిలో ఎవరో వాయిస్తున్నట్టుంది. అద్దం తుడిచానన్నావే, పై సగం తుడవడం మర్చిపోయావు.

నేనేదో తొందరపడి అంటున్నానని అనుకోకు. వైరు పిన్నులు తుడిచాను. ప్లగ్గు మార్చి వంటగదిలో పెట్టి చూశాను. నీకూ తెలిసిన, నాకు కంఠతా వచ్చిన ఆ రికార్డే పెట్టాను. ఆ పాటలో చివర పై నుంచి గాజు పూసలు జారినట్టు ఒక వరస ఉంటుంది. ఆ పూసలు ఇందులో బట్ట మీద పడుతున్నాయి.

వెనక్కి పంపుతున్నాను. ఇంకోటి చూడు.

నీ బావ

ఒరేయ్‌, అక్కని. ఆయన స్టాంపులు తేవడానికి వెళ్ళాడు, అందుకని కింద రాస్తున్నాను. నీ పెట్టె వచ్చినప్పటి నుంచి మీ బావ నేను పిలిస్తే పలకడం మానేశాడు. ఆ దిండ్లు పెట్టుకున్నప్పుడు సరే, తీసేశాక కూడా పలకడు. వెనక నిలబడి మాట్లాడితే గోడకి చెప్పినట్టే. నీ సంగీతానికో దణ్ణం. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి.


జూలై 9

బావా,

పెట్టె చేరింది. శబ్దం కొలిచే మిషను మీద పెట్టి కింది స్వరం నుంచి కుక్కలకి మాత్రమే వినిపించేదాకా గీత గీయించాను. స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. దుప్పటీ లేదు, దిండు గలీబూ లేదు. పెట్టెలో దోషం లేదని మీకు తెలియాలని చెబుతున్నాను, వాదన కోసం కాదు.

సరే, కొన్ని చెవులకి కొన్ని పడతాయి. ఈసారి పై స్వరాలు కొంచెం ముందుకు తెచ్చి వినిపిస్తుందని పేరున్నది పంపుతున్నాను. కొందరు కస్టమర్లు ఇది చెవిలో సూదులు గుచ్చుతోందని తిరిగిచ్చేస్తుంటారు. బలం కూడా ఎక్కువే. మీకు సరిపోవాలి.

ఇంకో మాట. చిన్నవాణ్ణి, అనకూడదు గానీ అంటున్నాను. సంగీతం ఎంత గొప్పదైనా ఇంట్లో మనిషి పిలిస్తే పలకడానికి ఆంప్లిఫయర్‌ అక్కర్లేదు. అక్క నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. తను అలా రాసిందంటే చాలా రోజులే ఓర్చుకుని ఉంటుంది.

రేడియో


జూలై 24

బావమరిది గారికి,

మీ అక్కాతమ్ముళ్ళ మధ్య నా మీద చాడీలు నా స్టాంపు మీదే ప్రయాణం చేస్తున్నాయని ఇప్పుడే తెలిసింది. సంతోషం. రోజంతా ఊరి మీద పడి తీగలు బిగించి, పిల్లలు పాడుచేసిన పియానోల దుమ్ము తిని ఇంటికొస్తాను. వచ్చాక గ్యాసు సిలిండరు గురించి ఒకసారి చెప్తే వింటాను, చెప్పనే లేదు. ఆమేమో నాలుగుసార్లు చెప్పానంటుంది. ఈమధ్య నోట్లో నోట్లోనే మాట్లాడుతోంది, అది మాత్రం నీకు రాయదు.

ఇక నీ రెండో పెట్టె. సూదులు గుచ్చుతాయన్నావు. ఒక్క సూదీ లేదు. నాబ్‌ ముప్పావు దాటించాక పై స్వరాలు కాస్త తొంగిచూశాయి. వాటితో పాటు తలనొప్పి కూడా వచ్చింది. అంటే ఏమిటన్నమాట? బలం చాలలేదని. ఇంకా బలమైనది పంపు.

ఈమధ్య మనుషుల చెవులు ఎంత పాడయ్యాయో చెప్పలేను. మొన్న సంగీతం టీచరు ఒకావిడ, నేను శ్రుతి చేసి వచ్చిన మర్నాడు కబురు పెట్టింది, పై స్వరాలు పలికే చివరి మెట్లు కీచుమంటున్నాయని. నా అంత వయసున్న పియానో అయినా నేను పెంచిన బిడ్డ లాంటిది. మళ్ళీ వెళ్ళి చూశాను. శుభ్రంగా ఉంది. పత్రికల్లో ఏదో చదివి మన మీద ప్రయోగిస్తారు.

బావ


ఆగస్టు 5

బావా,

మీ దెబ్బకి మా ఓనరు నన్ను చూడగానే "మీ బావగారి పెట్టె వచ్చిందా?" అని అడగడం మొదలెట్టాడు. గుడ్‌మార్నింగ్‌ అనడం మానేశాడు.

ఇది మూడోది. షాపులో దీన్ని మించిన బలం లేదు. ఎత్తుతుంటే పార్సిలువాడు "లోపల ఇటుకలా?" అన్నాడు. నాబ్‌ పావు దగ్గరే ఆపండి. సగం దాటితే ఏమవుతుందో నాకే తెలియదు, ఇంతవరకు ఎవరూ దాటలేదు. ఇది కూడా నచ్చకపోతే చెప్పండి, మీకోసం కరెంటాఫీసుకి నేరుగా వైరు లాగిస్తాను.

అక్కకి ఫోన్‌ చేశాను. "మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగకు" అని పెట్టేసింది. గొంతు బాగోలేదు. ఏం జరుగుతోంది ఆ ఇంట్లో?

రేడియో


ఆగస్టు 19

రేడియో,

సగం కాదు, ఆసాంతం తిప్పాను. అదే దుప్పటి.

ఇక నాకొకటే అనుమానం. అమ్ముడుపోని సరుకంతా ఏరి బావకి అంటగడుతున్నావా? లేక నీకసలు ఈ పని వచ్చా? చిన్నప్పుడు మీ నాన్నగారి రేడియో విప్పి మళ్ళీ బిగించలేక మంచం కింద దాచావు. ఆ రేడియో ఇంకా పలకలేదు.

ఏం జరుగుతోందని అడిగావు. నీ అక్కని అడుగు. ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. నయం, ప్రశాంతంగా ఉంది.

బావ


ఆగస్టు 26

బావగారికి,

మూడు పెట్టెలు పంపాను. మూడింటికీ మిషను మీద గీత గీయించాను. మూడూ నిక్షేపంగా ఉన్నాయి. మీలాంటి హెడ్‌ఫోన్‌ ఒకటి తెప్పించి, నేను, ఓనరు, కౌంటర్లో అమ్మాయి ముగ్గురం మీరు చెప్పిన రికార్డు విన్నాం. మీరన్న ఆ గాజు పూసలు ముగ్గురికీ నిక్షేపంగా వినబడ్డాయి. ఒక్కో పూస లెక్కపెట్టొచ్చు.

నాకు పని వచ్చా అని అడిగారు. వచ్చు. లోపం పెట్టెల్లో లేదు బావగారూ, మీ చెవుల్లో ఉంది. పోయి చూపించుకోండి. ఇక నా దగ్గర పంపడానికి పెట్టెల్లేవు, వినడానికి ఓపికా లేదు.

సెలవు.


సెప్టెంబరు 22

రేడియో,

నీ ఉత్తరం చదివి నాలుగు ముక్కలు చేశాను. ఆ రోజు నువ్వు ఎదురుగా ఉంటే ఏమనేవాణ్ణో. బావని పట్టుకుని చెవుల్లో లోపం అంటావా! మళ్ళీ వీడి మొహం చూడను అనుకున్నాను. ఇన్నాళ్ళూ రాయంది అందుకే. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు ఇంకో మనిషి లేడు.

పోయిన వారం హాల్లో కచేరీ. వాయించడానికి వచ్చినావిడ బయటి నుంచి వచ్చింది, చిన్నది, మంచి పిల్ల. నేను పని పూర్తి చేసి సంచీ సర్దుకుంటుంటే కూర్చుని వేళ్ళు ఆడించింది. ఆడించి ఆగిపోయింది.

"పై స్వరాలు ఇంకా చెయ్యలేదా సార్‌?" అంది.

"అయిపోయిందమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. కోపంగా కాదు, అనుమానంగానూ కాదు. నాకు సాయం చేద్దామన్నట్టు, చివరి మెట్లు ఒక్కొక్కటే మెల్లగా నొక్కింది. ఒక్కోటి నొక్కడం, నా మొహంలోకి చూడటం. నేను దగ్గరికెళ్ళి నిలబడ్డాను. పియానో లోపలి సుత్తి వెళ్ళి తీగకి తగలడం వినబడింది. టక్‌ మని కట్టె చప్పుడు. ఆ తర్వాత రావాల్సిన స్వరం రాలేదు. ఇంకో మెట్టు. టక్‌. ఇంకోటి. టక్‌. ఆ చప్పుడునే ఎన్నాళ్ళుగా స్వరం అనుకుంటున్నానో, చేతి అలవాటుతో ఎన్ని ఇళ్ళల్లో తీగలు తిప్పి వచ్చేశానో. ఆ టీచరమ్మ గుర్తొచ్చింది. పాపం, ఆవిడ సరిగ్గానే విన్నది.

ఒంట్లో బాగోలేదని చెప్పాను. మేనేజరు కంగారుపడి ఇంకొకాయన్ని పిలిపించాడు. ఆయన గంటలో సరిచేసి వెళ్ళాడు. కచేరీ బాగా జరిగిందట. అందరూ నాకు జ్వరం అనుకుంటున్నారు.

మర్నాడు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్‌ పెట్టారు. శబ్దం వినబడ్డప్పుడల్లా బటన్‌ నొక్కమన్నారు. మొదట్లో బాగానే నొక్కాను. తర్వాత శబ్దాలు ఆగిపోయాయి. మిషను చెడిపోయిందేమో చెబుదామని అద్దంలోంచి చూశాను. అవతల కూర్చున్న అమ్మాయి ఇంకా మీటలు నొక్కుతూనే ఉంది, నేను ఎప్పుడు బటన్‌ నొక్కుతానా అని ఎదురుచూస్తోంది. చేతిలో బటన్‌ పట్టుకుని ఊరికే కూర్చున్నాను రా.

పై శబ్దాలు చాలావరకు పోయాయట. ఏళ్ళ తరబడి చెవి పక్కనే మెట్లు గట్టిగా కొట్టి కొట్టి ఇలా అవుతుందట మా పనిలో. పోయినవి రావు. గట్టిగా వింటే ఉన్నవి కూడా పోతాయి అంది డాక్టరు. నీ మూడో పెట్టె సంగతి చెప్పలేదు, సిగ్గేసింది.

నాకంటే నీకే ముందు తెలిసింది. కోపంలో అన్నావని తెలుసు. అయినా నిజం నిజమే కదా.

వచ్చే నెలలో హాల్లో ఇంకో కచేరీ ఉంది. మేనేజరుకి చెప్పాలా? అప్పటిదాకా చెప్పకుండా లాగొచ్చా? నాకేం తోచడం లేదు.

బావ


సెప్టెంబరు 29

బావా,

ముందు ఆ మూడో పెట్టె ప్లగ్గు పీకేయండి. ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే పీకేయండి.

నేను ఆ మాట తెలిసి అనలేదు. పౌరుషానికి పోయి, ఎక్కడ తగుల్తుందో చూడకుండా విసిరాను. మీరు "బలం చాలదు, బలం చాలదు" అంటుంటే ఒకదాన్ని మించినది ఒకటి పంపాను. మనిషి చెవి గురించి ఒక్క ప్రశ్న అడగకుండా మిషను గీతలు చూసుకుని మురిసిపోయాను. మీ చెవుల్లో మిగిలినదాని మీద కూడా ఇటుకల బరువు పెట్టాను. ఓనరుకి చెప్పాను. ఆ పెట్టె వెనక్కి తేవడానికి పార్సిలువాణ్ణి తనే పంపిస్తానన్నాడు.

మేనేజరుకి చెప్పాలో వద్దో మీరే తేల్చుకోవాలి, అది మీ పని, మీ పేరు. నేను వేరేది అడుగుతాను. అక్కకి చెప్పారా? "చెప్పుకోవడానికి ఇంకో మనిషి లేడు" అని రాశారు. ఆ ముక్క చదివి నాకు ఒళ్ళు మండింది, మిమ్మల్ని ఓదార్చాల్సిన సమయంలో. వంటగదిలో ఉన్నావిడ ఎవరు మరి?

మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. మొన్న మళ్ళీ ఫోన్‌ చేస్తే అక్క ఏడ్చింది. "ఆయనకి నా మాటంటే విసుగొచ్చేసిందిరా, ఈ వయసులో ఇది చూడాల్సి వచ్చింది" అంది. అందుకే మాట్లాడటం మానేసిందట, విసుగు పుట్టించడం ఎందుకని. మీరేమో ప్రశాంతంగా ఉందని రాశారు. మీకు వినబడటం లేదని తెలియక ఆవిడ, ఆవిడ మాట్లాడుతోందని తెలియక మీరు. మీ ఇద్దరికీ ఓ దణ్ణం.

ఈ రోజే చెప్పండి. ఎదురుగా కూర్చుని, మొహం చూస్తూ చెప్పండి.

మీ రేడియో


నవంబరు 16

ఒరే రేడియో,

ఆలస్యమైంది, తిట్టకు. ఒక్కోటి చెబుతాను.

మీ అక్కకి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. కూరగాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టి, "అంటే ఇన్నాళ్ళూ నేనన్న మాటలన్నీ గాల్లోకి పోయాయా?" అని అడిగింది. అవునన్నాను. "ఎన్ని తిట్టాను నిన్ను! ఒక్కటీ వినలేదా?" అంది. లేదన్నాను. "అయ్యో, మళ్ళీ మొదటి నుంచి తిట్టాలే" అని కళ్ళు తుడుచుకుంది. అంతే. మర్నాడు నాకంటే ముందు చెప్పులేసుకుని చెవి మిషను పెట్టించడానికి బయల్దేరింది. దాంతో ఇప్పుడు ఇంట్లో ప్రతిదీ వినబడుతోంది. కాగితం నలిపితే పిడుగు పడ్డట్టుంది. కుళాయి కారుతోందని తెలిసింది, ఎప్పటి నుంచి కారుతోందో దేవుడికెరుక.

మేనేజరుకి కూడా చెప్పాను. కచేరీకి ముందే చెప్పాను. "ఎవరికీ తెలియదు కదా మాస్టారూ, కానిచ్చేద్దాం" అన్నాడు, పాపం మంచివాడు. నాకు తెలుసు కదా అన్నాను. హాలు పని ఇంకొకాయనకి అప్పజెప్పాను. ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ వచ్చాను. బస్సెక్కబుద్ధి కాలేదు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

టీచరమ్మ పియానో మాత్రం నేనే సరిచేయాలనుకున్నాను. తప్పు నాది కదా. ఇంకొకర్ని తీసుకెళ్తే నామోషీ. మీ అక్క వస్తానంది. "నాకు సంగీతం రాదు, చెవులు ఉన్నాయి" అంది. నీకు తెలుసు కదా, పై స్వరానికి మూడేసి తీగలుంటాయి, మూడూ ఒక్కటిగా పలకాలి. నేను తీగలు బిగించే తాళంచెవి పెట్టి తిప్పుతుంటే ఆవిడ కుర్చీలో కూర్చుని, "పోట్లాడుకుంటున్నాయి… ఇంకా పోట్లాడుకుంటున్నాయి… ఒకటి అలిగింది… ఆఁ, రాజీ పడ్డాయి" అంటుంది. నేను ఆపబోతే, "ఆగు, లోపల ఇంకా గొణుగుతోంది ఒకటి" అంటుంది. ఒక్క మెట్టు దగ్గర ఎంతసేపు నిలబెట్టిందనుకున్నావు! నా చెయ్యి నొప్పెట్టింది. నేను చాలంటే ఆవిడ చాలదంది. టీచరమ్మ వచ్చి వాయించి, నా వైపు చూడలేదు, మీ అక్క వైపు చూసి "ఇప్పుడు బాగుందమ్మా" అంది. అప్పటి నుంచి మీ అక్కతో వేగలేకపోతున్నాను. ఇప్పుడు నాలుగైదు ఇళ్ళకి ఇద్దరం వెళ్తున్నాం. దారంతా నాకు శ్రుతి గురించి పాఠాలు చెబుతుంది. నాకు!

ఇక అసలు సంగతి. నాకు మళ్ళీ ఆంప్లిఫయర్‌ కావాలి. విసుక్కోకు, చివరిదాకా చదువు.

చెవి మిషను మీద హెడ్‌ఫోన్‌ పెడితే కుయ్యిమంటుంది, అందుకని రికార్డు వినేటప్పుడు మిషను తీసేస్తాను. డాక్టరు చెప్పినంత మెల్లగానే పెడతాను. పై స్వరాలు ఎలాగూ రావు. అందుకని మీ అక్క కూడా ఒక హెడ్‌ఫోన్‌ తెచ్చుకుని, దాన్నీ నా పాత ప్లేయరుకే తగిలించి పక్కన కూర్చుంటోంది. ఒకే నాబ్‌ కాబట్టి నేను కొంచెం పెంచితే ఆవిడకి హోరు, ఆవిడ తగ్గిస్తే నాకు మౌనవ్రతం. పోయిన ఆదివారం ఒక్క పాట మొదటి నిమిషం దాటలేదు. కాబట్టి రెండు సాకెట్లు, రెండు నాబ్‌లు, ఎవరిది వారికి. బలం అక్కర్లేదు. బలం అన్నమాట మా ఇంట్లో ఎత్తకు.

పాట మధ్యలో ఎవరైనా మాట్లాడితే నాకు ఎంత చిరాకో నీకు తెలుసు. ఇప్పుడు ఆవిడ పాటంతా మాట్లాడుతూనే ఉంటుంది, నాకు కనబడేలా మొహం ఇటు తిప్పి, పెదవులు విడివిడిగా కదుపుతూ. "ఇప్పుడు పైన ఏదో చిన్నగా మొదలైంది. వెనక్కి తగ్గింది. మళ్ళీ వస్తోంది. ఇదిగో, ఇప్పుడు చూడు, భలే ఉంది." నిజంగా అంత భలేగా ఉందో, నన్ను ఊరించడానికి కల్పిస్తోందో కనుక్కునే దారి నాకు లేదు. అడిగితే నవ్వుతుంది. నమ్మడం తప్ప చేసేదేముంది?

త్వరగా పంపు. సగంలో ఆపిన పాట ఒకటి ఉంది, చివరికి ఏమవుతుందో ఆవిడ చెప్పనంటోంది.

నీ బావ